సూదిమందు వేయని డాక్టరు: కంకిపాడులో పుట్టిన కె.ఎల్.రావు

పల్లెటూళ్ళలో డాక్టరుగారంటే సూదిమందు వేసే మనిషే. రోగం మాట ఎత్తకుండా వాగుల సంగతి, వరదల సంగతి అడిగే డాక్టరు కూడా ఉంటాడని కృష్ణా, గుంటూరు, నల్గొండ జిల్లాల రైతాంగానికి తెలియజెప్పిన పేరు డాక్టర్ కె.ఎల్.రావు. ఆ డాక్టరు పట్టా వైద్యం చదివి తెచ్చుకున్నది కాదు. సభలో శాలువా కప్పి ఇచ్చింది కూడా కాదు. సివిల్ ఇంజనీరింగులో పరిశోధన చేసి, పెద్దల ఎదుట పరీక్షకు నిలబడి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం యూనివర్శిటీ నుంచి సంపాదించుకున్న పిహెచ్.డి. అది.

నాగార్జునసాగర్ పేరు చెప్పగానే ఆయన పేరు వినబడుతుంది. కాని ఆ పట్టా ఎలా వస్తుందో, దానికోసం మనిషి ఏమేమి చేయాలో చాలామందికి తెలియదు. అది తెలిస్తే తప్ప సాగరు కట్టడంలో ఆయన పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో కూడా అర్థం కాదు.

కాలువల కింద పుట్టి

కానూరి లక్ష్మణరావు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో మధ్యతరగతి కుటుంబంలో పుట్టారు. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా తెల్లదొరలు కట్టిన పాత ఆనకట్ట అప్పటికి సుమారు 50 ఏళ్ళ వయసున్నది. 1855లో పూర్తయిన ఆ ఆనకట్ట పుణ్యమా అని డెల్టా ఊళ్ళలో కాలువలు పారుతున్నాయి, వరి పండుతోంది. అదే నది ఎగువన పల్నాడు పక్కనుంచి, నల్గొండ పక్కనుంచి లోతుగా పారిపోతున్నా, ఒడ్డున ఉన్న చేలకు చుక్క నీరు లేదు. జొన్న, సజ్జ, వాన పడితే పంట, లేకుంటే వలస. ఒకే నది కింద ఇన్ని తేడాలున్న జిల్లాలలో ఆయన జీవితం మొదలయింది.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడిలో ఆటలాడుతుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. ఇంజనీరుకు కళ్ళే ఆస్తి. నక్షా గీయాలన్నా, గీసినది చదవాలన్నా చూపు కావాలి. ఇంకొకరయితే ఆ చదువు జోలికి పోకుండా గుమాస్తా ఉద్యోగం చూసుకునేవారు. అయితే పొలాల్లో ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషను గొట్టంలోంచి చూడాలంటే రెండు కళ్ళున్నవాడు కూడా ఒకటి మూసుకోవలసిందే కదా. లక్ష్మణరావు ఆ చదువులోకే వెళ్ళారు.

ఆ రోజుల్లో తెలుగు పిల్లవాడు ఇంజనీరు కావాలంటే మద్రాసు బండి ఎక్కాల్సిందే. గిండీ ఇంజనీరింగు కాలేజీ మూలాలు 1794 నాటి సర్వే బడిలో ఉన్నాయి. అక్కడ బి.ఇ. పూర్తి చేసినవాడికి ప్రభుత్వంలో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం, జీతం, గుర్రబ్బండి, గౌరవం అన్నీ వచ్చేవి. అందుచేత బి.ఇ. తర్వాత పుస్తకం ముట్టుకునేవారే తక్కువ. లక్ష్మణరావు అక్కడితో ఆగలేదు. మద్రాసు యూనివర్శిటీలో ఇంజనీరింగులో మాస్టర్ డిగ్రీ పొందిన మొట్టమొదటి విద్యార్థి ఆయనే. ముందు నడిచినవాడు లేని దారి అది. ఆ డిగ్రీ తీసుకున్నందువల్ల జీతం పెరిగే రోజులు కూడా కావు అవి.

ఆ తర్వాత బర్మాలోని రంగూన్‌లో ఇంజనీరింగు అధ్యాపకులుగాను, ఇంగ్లండులో అసిస్టెంటు ప్రొఫెసరుగాను పనిచేశారు. బర్మింగ్‌హాంలో పరిశోధన ముగించి పట్టా తీసుకున్న 1939వ సంవత్సరం రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన సంవత్సరం కావడం గమనార్హం.

పట్టా ఎలా వస్తుంది?

బి.ఇ. పరీక్ష అంటే ఇదివరకు ఎవరో కనిపెట్టిన లెక్కను సరిగా చేసి చూపడం. ప్రశ్న మాస్టారు ఇస్తారు, జవాబు మాస్టారికి ముందే తెలుసు. పిహెచ్.డి. సంగతి వేరు. అక్కడ ప్రశ్న కూడా విద్యార్థే వెతుక్కోవాలి. దాని జవాబు లోకంలో ఎవరికీ తెలియనిదై ఉండాలి. తెలిసిన సంగతినే మళ్ళీ చక్కగా రాసినంత మాత్రాన పట్టా ఇవ్వరు.

ఇంగ్లండులో ఈ పిహెచ్.డి. పట్టా అప్పటికి పాతదేమీ కాదు. జర్మనీ పద్ధతి చూసి 1917లో ఆక్స్‌ఫర్డు దీన్ని ప్రవేశపెట్టింది, తక్కిన యూనివర్శిటీలు వెంట నడిచాయి. పద్ధతి చూడటానికి సులువు. మన మార్కుల పరీక్షల వంటివి ఉండవు. ఒక ప్రొఫెసరు పర్యవేక్షణలో కొన్నేళ్ళు పరిశోధన చేయాలి. చేసినదంతా ఒక సిద్ధాంత వ్యాసంగా, అంటే థీసిస్‌గా రాసివ్వాలి. దాన్ని ఆ యూనివర్శిటీ పెద్దతో పాటు బయటి యూనివర్శిటీ పెద్ద కూడా చదువుతారు. చివరికి అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నోటి పరీక్ష పెడతారు. ఈ అంకె ఎక్కడిది, ఈ కొలత ఎన్నిసార్లు తీశావు, ఫలానా వారు ఇంకోలా చెప్పారు కదా, నీదే సరి అని ఎలా అంటావు అని గుచ్చిగుచ్చి అడుగుతారు. తడబడితే మళ్ళీ రాసుకు రమ్మంటారు.

సివిల్ ఇంజనీరింగులో దీనికి ఇంకొక మెలిక ఉంది. కాగితం మీద లెక్క ఎంత ఒప్పుగా ఉన్నా, రాయి, సిమెంటు ఆ లెక్కను ఒప్పుకోవాలి. ఇంటి స్లాబునే తీసుకుంటే, సిమెంటు కాంక్రీటుకు నొక్కుడు తట్టుకునే బలం బాగా ఉంటుంది, లాగితే మాత్రం బిస్కెట్టులా విరుగుతుంది. స్లాబు మీద బరువు పడినప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. అందుకే కింది వైపున ఇనుప కడ్డీలు వేస్తారు. ఆ లాగుడును కడ్డీ మోస్తుంది. మేస్త్రికి ఇది అలవాటుగా తెలుసు. కాని ఎంత మందానికి ఎన్ని కడ్డీలు, ఎంత బరువు దగ్గర మొదటి బీట పడుతుంది, బీట పడిన తర్వాత ఇంకెంత మోస్తుంది అన్నది చెప్పాలంటే దూలాలు పోతపోసి, 28 రోజులు తడిపి, మిషను కింద పెట్టి విరిగేదాకా బరువు వేసి చూడాలి. ఒకటి కాదు, పదులకొద్దీ. ఒకటి లెక్కకు భిన్నంగా విరిగితే దాన్ని దాచేయకూడదు. అది ఎందుకు అలా విరిగిందో చెప్పగలిగినప్పుడే అసలు పరిశోధన.

ఇనుప కడ్డీల కాంక్రీటు మీద లక్ష్మణరావు ఇంగ్లీషులో రాసిన పుస్తకం పేరులోనే మూడు మాటలున్నాయి: లెక్క, డిజైను, పరీక్ష. లెక్కకట్టు, దాని ప్రకారం డిజైను చెయ్యి, చేసినదాన్ని పరీక్షించి చూడు. ఆయన తర్వాత చేసిన పనులన్నీ ఈ మూడు మాటల చుట్టూ తిరిగాయంటే అతిశయోక్తి కాదు.

మన దేశంలో ఇప్పుడు పిహెచ్.డి.కి నిబంధనలు యూనివర్శిటీ గ్రాంట్స్ కమిషన్ నిర్ణయిస్తుంది. 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం మాస్టర్ డిగ్రీలో 55 శాతం మార్కులున్నవారు గాని, నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు గాని చేరవచ్చు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, వికలాంగులు మొదలైనవారికి 5 శాతం సడలింపు ఉంది. కనీసం మూడేళ్ళు చదవాలి, మామూలుగా ఆరేళ్ళలో ముగించాలి. మహిళలకు, వికలాంగులకు అదనంగా గడువు ఇస్తారు. మొదట కొంత తరగతి చదువు ఉంటుంది. ఆరు నెలలకొకసారి సలహా కమిటీ ఎదుట చేసిన పని చూపించాలి. థీసిస్‌ను గైడుతో పాటు కనీసం ఇద్దరు బయటివారు దిద్దుతారు. ఆపైన అందరి ఎదుట నోటి పరీక్ష. ఐఐటీల వంటి సంస్థలకు వీటితో పాటు తమ సొంత పరీక్షలున్నాయి. లక్ష్మణరావు కాలానికీ ఇప్పటికీ ఫారాలు పెరిగాయి గాని అసలు షరతు మారలేదు. కొత్త సంగతి ఒకటి కనిపెట్టాలి, దాన్ని తెలిసినవాళ్ళ ఎదుట నిలబెట్టుకోవాలి.

గౌరవ డాక్టరేటు అన్నది వేరు. దానికి థీసిస్ అక్కరలేదు. లక్ష్మణరావుకు అవీ వచ్చాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1960లో, రూర్కీ యూనివర్శిటీ 1968లో ఇచ్చాయి. అయితే అవి రాకముందే ఆయన డాక్టరు.

నది ఎటు పోతుంది?

స్వదేశం వచ్చాక మద్రాసు ప్రభుత్వంలో డిజైను ఇంజనీరుగా పనిచేశారు. తెలుగు జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. కృష్ణ నీటిని పెన్న మీదుగా దక్షిణానికి మళ్ళించే కృష్ణా-పెన్నా పథకం ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం తలపెట్టినదే. ఆ పథకం జరిగితే తమ నది తమకు కాకుండా పోతుందని కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు భయపడ్డారు. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టి రెండు వైపులా కాలువలు తీయాలని ఆందోళన సాగించారు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ ఆ ఆందోళనకు చేసిన సేవ, పెట్టిన ఖర్చు ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

లక్ష్మణరావు 1950లో ఢిల్లీ వెళ్ళారు. కేంద్ర జలవిద్యుత్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టరు పదవి అది. 1954లో చీఫ్ ఇంజనీరయ్యారు. దేశంలో పెద్ద ఆనకట్టల నక్షాలు ఆ గదులగుండా పోవలసిందే. కృష్ణా, గోదావరి పథకాల విషయం తేల్చడానికి కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ 1952లో నందికొండ స్థలానికి సానుకూలంగా నివేదిక ఇచ్చింది. అదే 1952లో బెజవాడ పాత ఆనకట్ట వరదకు తెగింది. ఎగువన కొత్త ఆనకట్ట కావాలంటున్న వేళ దిగువన ఉన్నది తెగడంతో డెల్టా రైతుల గుండె ఝల్లుమన్నది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది.

నందికొండ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. దానికి నాగార్జునసాగర్ అని పేరు పెట్టారు.

రాతి కట్టడమే ఎందుకు?

ఇక్కడే ఆ డాక్టరు పట్టా అక్కరకు వచ్చింది.

ఆనకట్ట వెనుక నీరు నిలిస్తే ఆ నీటి బరువు గోడను నెడుతుంది. ఘనపుటడుగు నీటి బరువు 62 పౌన్లకు పైమాటే. 400 అడుగుల లోతున ప్రతి చదరపు అడుగు మీదా 11 టన్నులకు పైగా ఒత్తిడి పడుతుంది. అంటే ఒక పీట వేసుకునేంత జాగా మీద ఇటుకల లారీని పెట్టినట్లు. దీనికి తోడు నీరు పునాది రాతి సందుల్లోంచి దూరి గోడను కిందినుంచి పైకి లేపాలని చూస్తుంది. ఈ రెంటినీ గోడ తన సొంత బరువుతోనే తట్టుకోవాలి. అడుగున ఎంత వెడల్పు ఉండాలి, లోపలికి చెమ్మగిలిన నీరు బయటికి పోవడానికి సొరంగం ఎక్కడ పెట్టాలి, ఏ ఎత్తున ఎంత గట్టి సున్నం లేక సిమెంటు కలపాలి అన్నవి ఇంజనీరు చెప్పాలి. ఒక్క లెక్క తప్పితే దిగువన బెజవాడ ఉంది, డెల్టా ఉంది, కంకిపాడు ఉంది.

ప్రపంచంలో అప్పటికి ఎన్నో పెద్ద ఆనకట్టలను కాంక్రీటుతో కడుతున్నారు. కాంక్రీటుకు పెద్ద పెద్ద మిషన్లు కావాలి, అవి విదేశాలనుంచి రావాలి, వాటికి విదేశీ ద్రవ్యం కావాలి. దేశంలో సిమెంటుకూ కటకటే. మరి మన దగ్గర ఉన్నదేమిటి? రాయి ఉంది. రాయి కొట్టే చేతులున్నాయి. 400 అడుగుల ఎత్తు గోడను రాతితో కట్టవచ్చా అంటే, పుస్తకాల్లో ఉన్న అలవాటు చూసి వద్దనడం తేలిక. లెక్కకట్టి, పరీక్షించి, కట్టవచ్చు అని నిలబడాలంటే చదువూ కావాలి, ధైర్యమూ కావాలి. రాతి కట్టడానికి మొగ్గిన ఇంజనీర్లలో లక్ష్మణరావు ముఖ్యులు. ఆనకట్ట డిజైనులో ఆయన పాత్ర పెద్దది.

పాలమూరు కూలీలు, పల్నాడు, నల్గొండ, రాయలసీమ పల్లెల జనం వేలాదిగా వచ్చి చేరారు. సరుగుడు బాదులు, వెదుళ్ళతో కట్టిన మంచెల మీదుగా ఆడా మగా తట్టలు, రాళ్ళు తలకెత్తుకుని చీమలబారులా పైకి నడిచారు. ఆ ఫొటోలు చూసినవారు మరచిపోలేరు. అంత ఎత్తునుంచి పడి, రాళ్ళ కింద నలిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. వాళ్ళ పేర్లు రాళ్ళలోనే కలిసిపోయాయి.

రాతి భాగం పొడవు ఒకటిన్నర కిలోమీటరుకు కాస్త తక్కువ, ఎత్తు సుమారు 124 మీటర్లు, పైన 26 గేట్లు. రెండు పక్కలా మట్టికట్టలు. అంత పెద్ద రాతి ఆనకట్ట ప్రపంచంలో మరొకటి లేదని పేరు పొందింది. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు. రెండింటి కింద సుమారు 22 లక్షల ఎకరాల ఆయకట్టు ఏర్పడింది. జొన్న తిన్న పల్నాడు ఊళ్ళలో వరికుప్పలు లేచాయి. మిర్యాలగూడ ప్రాంతం రైసు మిల్లులతో నిండింది.

సాగరును ఒక్క లక్ష్మణరావు కట్టారనడం మాత్రం న్యాయం కాదు. స్థలం మీద ఎండలో నిలబడి కట్టించిన ఇంజనీర్లు, ఓవర్సీర్లు, మేస్త్రీలు ఎందరో. ఆయన గొప్ప అంతా ఆ మొత్తానికి లెక్క సరిపోయేట్టు చూడటంలో ఉంది.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. నీరు నిలిచిన చోట ఊళ్ళు మునిగాయి. నాగార్జునకొండ లోయలో బయటపడిన బౌద్ధ కట్టడాలను 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసి కొండమీదికి చేర్చారు. శిల్పాలకు దొరికినంత జాగ్రత్తగా మునక ఊళ్ళ మనుషులకు చోటు దొరికిందని ఎవరూ అనలేరు. పైగా ఎగువనుంచి కొట్టుకొచ్చే ఒండ్రు సాగరును నింపుతూ వచ్చింది. మొదట 408 టి.ఎం.సి.లు పట్టేదన్న జలాశయం తర్వాతి సర్వేల్లో 312 టి.ఎం.సి.లకు తగ్గింది. 1950లలో డిజైను గదుల్లో గోడ బలం లెక్కకట్టినంత గట్టిగా ఒండ్రును, అడవులను, నిర్వాసితులను లెక్కకట్టలేదు. ఈనాడు చాలా యూనివర్శిటీల్లో సివిల్ ఇంజనీరింగుకు పర్యావరణ ఇంజనీరింగును జోడించి ఒకే శాఖగా పిహెచ్.డి. ఇస్తున్నది అందుకే. పూడిక ఎంత, నీటిలో ఉప్పెంత, ఫ్లోరైడెంత అన్నవి ఇప్పుడు థీసిస్ విషయాలు. నల్గొండ ఫ్లోరైడు గ్రామాల వారికి ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

బెజవాడ ఎం.పి.

ఉద్యోగం వదిలి లక్ష్మణరావు 1962లో కాంగ్రెసు అభ్యర్థిగా విజయవాడ నుంచి లోక్‌సభకు పోటీ చేసి గెలిచారు. 1967లో, 1971లో మళ్ళీ గెలిచారు. ఆయన ఆత్మకథకు క్యూసెక్కుల అభ్యర్థి అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే అది క్యూసెక్కు. కులం పేరు, కుటుంబం పేరు చెప్పుకుని ఓట్లడిగేవారి మధ్య నీటి కొలత పేరుతో తనను తాను పిలుచుకున్న ఎం.పి. అరుదు.

1963లో పద్మభూషణ్ వచ్చింది. అదే సంవత్సరం జూలైలో నెహ్రూ ఆయనను కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రిగా తీసుకున్నారు. ఆ నెల 24నే శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన జరిగింది. నెహ్రూ పోయాక లాల్ బహదూర్ శాస్త్రి, ఆ తర్వాత ఇందిరాగాంధీ ఆయననే ఆ శాఖలో ఉంచారు. 1973 వరకు, పదేళ్ళు. ముగ్గురు ప్రధానుల కింద ఒకే శాఖ చూడటం చిన్న సంగతి కాదు. శాఖ పని తెలిసిన మంత్రి దొరకడం అంత అరుదన్నమాట.

బెంగాలులో గంగమీద ఫరక్కా బ్యారేజి పని ఆయన హయాంలోనే చాలావరకు సాగింది. అది 1975లో మొదలయింది. దానిపై ఆ రోజుల్లోనే విమర్శలు వచ్చాయి, ఇప్పటికీ ఆగలేదు. పల్లెలకు కరెంటు ఇవ్వడానికి అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడింది. మోటబావుల మీద ఎద్దులు తిరగడం మాని పంపుసెట్లు రావడం ఆ కాలం నుంచే జోరందుకుంది.

అన్నిటికన్నా ఇరకాటం కృష్ణ నీటి తగవు. మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ మూడూ కృష్ణ మాదంటే మాదన్నాయి. తగవు తీర్చాల్సిన శాఖకు మంత్రి కృష్ణా డెల్టా మనిషి. సొంత జిల్లా వైపు మొగ్గితే తక్కిన ఇద్దరికీ కోపం, మొగ్గకపోతే ఓట్లేసినవారికి కోపం. చివరికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. 1973లో అది తీర్పు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు కేటాయించింది.

గంగ నుంచి కావేరికి

ఆయన పేరును దేశమంతా మోగించిన పథకం మాత్రం జరగలేదు. 1972లో గంగా-కావేరి లింకు అన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. పాట్నా దగ్గర వరద రోజుల్లో గంగ నుంచి 60,000 క్యూసెక్కుల నీరు ఎత్తిపోసి, 2,640 కిలోమీటర్ల కాలువతో దక్షిణానికి తేవాలన్నది దాని సారాంశం. ఉత్తరాన వరద, దక్షిణాన కరువు రెండూ ఒకే కాలువతో తీరుతాయన్న ఆశ అది. కరువు పల్లెల జనం ఆ మాట విని ఆశపడ్డారు. కాని నీటిని వందల మీటర్ల ఎత్తుకు లేపడానికి కావలసిన కరెంటు చూసి కేంద్ర జలసంఘం గుండె బాదుకుంది. ఖర్చు భరించలేనిదని, వరద కూడా దానివల్ల పెద్దగా తగ్గదని తేల్చింది.

థీసిస్ రాసి నిలబెట్టుకున్న మనిషి ఈసారి పరీక్షకుల ఎదుట నిలవలేకపోయారని అనుకోవచ్చు. అయితే నదులను కలపాలన్న మాట మాత్రం పోలేదు. ఆ ఆలోచనలను పరిశీలించడానికే 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ పుట్టింది. దాని లెక్కల్లో గంగా-కావేరి సూటి కాలువ లేదు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న, కావేరి ఒకదానికొకటి కలిపే చిన్న లింకులున్నాయి.

మంత్రి పదవి పోయాక కూడా ఆయన నీళ్ళ సంగతి వదలలేదు. భారతదేశపు నీటి సంపద మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1975లో వచ్చింది. దేశంలోని నదులు, చెరువులు, భూగర్భ జలాలు అన్నింటినీ అంకెలతో కూర్చిన పుస్తకం అది. ఇంజనీరింగు విద్యార్థులు ఎన్నో ఏళ్ళు దాన్ని చదివారు.

డాక్టర్ కె.ఎల్.రావు 1986 మే 18న కన్నుమూశారు.

సాగరుకు దిగువన, ప్రకాశం బ్యారేజికి ఎగువన పులిచింతల దగ్గర ఇంకొక జలాశయం ఉండాలన్నది డెల్టా రైతుల పాత కోరిక. డెల్టాకు సమయానికి నీరు అందాలంటే దగ్గరలో నిల్వ ఉండాలి. సాగరు నుంచి వదిలిన నీరు దిగువకు చేరడానికి రోజులు పడుతుంది, నారుమడి అన్ని రోజులు ఆగదు. ఆ ప్రాజెక్టు ఆయన బతికుండగా కాలేదు. 2013 డిసెంబరు 7న ప్రారంభమయింది. 45.77 టి.ఎం.సి.లు పట్టే ఆ జలాశయానికి డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ అని పేరు పెట్టారు. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున దాని 16వ నెంబరు గేటు వరదలో కొట్టుకుపోయింది. అడ్డు పలకలు దించి నీటిని ఆపడానికి ముందు జలాశయాన్ని చాలావరకు దిగువకు వదిలేయవలసి వచ్చింది.